టెక్కలికి ఐదు లీటర్లు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక చెల్లెమ్మ రాశారు, పేరు వద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలు, మధ్యలో రెండు చోట్ల లెక్కలు కూడా వేశారు. అందరికీ అర్థమయ్యేలా కాస్త కుదించి చెప్తాను.

ఈవిడ వయసు 38. భర్త గుణుపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తారు, చేతికి వచ్చే జీతం 52 వేలు. ఈవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడతారు, చీరలకి ఫాల్ వేస్తారు, ఎనిమిది తొమ్మిది వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు, పెద్దపాప వచ్చే ఏడు ప్లస్ టూ. మావగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. బండి 2013లో కొన్న డీజిల్ స్విఫ్ట్, 2 లక్షల కిలోమీటర్లు దాటింది, మెకానిక్ క్లచ్చు, ఇంజెక్టర్లు కలిపి 45 వేలు అవుతుందన్నాడు. ఆయన రోజూ గుణుపురం పోనూ రానూ వంద కిలోమీటర్లు. 2022 మార్చిలో రోజుకి 80 పైసలు చొప్పున రేటు ఎక్కుతున్నప్పుడు కాలేజీ వాళ్ళు నలుగురు కలిసి వారానికి ఒకరి బండి తీసేవారట, ఆ మే నెలలో కేంద్రం తగ్గించాక ఒక్కొక్కరూ జారుకున్నారు, ఇప్పుడు ఎవరి బండి వాళ్ళదే.

ఇప్పుడు ఆయన కొత్త బండి కొందామంటున్నారు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గింది కదా, ఇదే టైము అని. పెట్రోల్ ఎస్‌యూవీ, రోడ్డెక్కేసరికి 13 లక్షలు, పాప చదువుకని దాచిన 3 లక్షలు కట్టి మిగతాది ఏడేళ్ళ లోను. మావగారేమో డీజిలే కొనమంటారు. కొడుకు ఎనిమిదో క్లాసు, వాడు కరెంటు కారు అంటాడు.

ఇంకో సంగతి. నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. అక్కడ పెట్రోలు లీటరుకి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. ఆడపడుచు భర్త, ఈవిడ అన్నయ్యగారు అంటారు, వారానికోసారి వీళ్ళ ఇంటికి వచ్చి రెండు ఇరవై లీటర్ల క్యాన్లు పట్టుకెళ్తారు. ఈవిడ భర్తే బంకులో కొట్టించి తెచ్చి మెట్ల కింద పెడతారు. అక్కడ ఐదారుగురికి లీటరుకి మూడేసి రూపాయలు వేసుకుని ఇస్తున్నాడట. ఆ మెట్ల కిందే ఇన్వర్టర్ ఉంది.

చివరి పేజీలో అసలు బాధ రాశారు. వాళ్ళ అమ్మగారు టెక్కలిలో ఒక్కరే ఉంటారు, మొన్న కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ మాటల్లోనే: "తీసుకెళ్ళమంటే పెట్రోలు మండిపోతోంది ఇప్పుడెక్కడికి అన్నారు అక్కా. మన బండి డీజిలు కదా అన్నాను. ఏదైతే ఏం అన్నారు. ఆ నెలలోనే ఫ్రెండ్సుతో మహేంద్రగిరి వెళ్ళొచ్చారు. నేను బంకు బిల్లులు దాస్తున్నాను, అవి నెల తిరిగేసరికి అక్షరాలు ఎగిరిపోయి తెల్లకాగితం అయిపోతున్నాయి, అందుకని కాలెండర్ వెనక రాసుకుంటున్నాను. ఇలా లెక్కలు రాస్తున్నానని తెలిస్తే ఏమంటారో అని భయం. నేను తప్పు చేస్తున్నానా?"

చెల్లెమ్మా, తప్పు చెయ్యట్లేదు. ఇల్లు నడిపే మనిషి ఇంటి ఖర్చు రాసుకోవడం తప్పెలా అవుతుంది. కానీ మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి, క్యాన్లు ఒకటి, కొత్త బండి ఒకటి, టెక్కలి ఒకటి. మూడింటికీ పెట్రోలు రేటే కారణం అన్నట్టు ఇంట్లో మాట నడుస్తోంది. నాకు అలా అనిపించలేదు. మొదటి రెండింట్లో రేటుకి సంబంధం ఉంది, మూడోదాంట్లో లేదు. విడివిడిగా చూద్దాం.

ముందు క్యాన్లు, ఎందుకంటే మిగతావాటికి టైముంది, దీనికి లేదు. మిగతా అన్నిటిలో ఇలా అయితే ఇలా, అలా అయితే అలా అని చెప్తాను, దీంట్లో మాత్రం రెండో మాట లేదు, ఈ వారమే ఆ మెట్ల కింద ఖాళీ అవ్వాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేలమీద పాకుతుంది, మూలల్లో పేరుకుంటుంది, మెట్ల కింద లాంటి గాలి ఆడని చోట ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ క్యాను మూత ఎంత బిగించినా ఎండకి ఉబ్బి కొంచెం కొంచెం వదులుతూనే ఉంటుంది, మీరే రాశారు కదా సాయంత్రం దీపం పెట్టేటప్పుడు వాసన వస్తుందని. ఆ పక్కనే ఇన్వర్టర్. కరెంటు పోయి వచ్చినప్పుడు లోపల టక్కుమంటుందే, ఆ చిన్న నిప్పురవ్వ చాలు. ఇంట్లో పిల్లలున్నారు, పెద్దాయన ఉన్నారు, మీరు ఆ గదిలోనే మిషను తొక్కుతారు.

చట్టం సంగతి కూడా చెప్తాను, భయపెట్టడానికి కాదు, మీ చేతిలో ఒక మాట ఉండాలని. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్రోలు 30 లీటర్లకి మించి ఉంచకూడదు, అదీ అమ్మకానికి కాకపోతేనే. అది కూడా మూత బిగించిన రేకు డబ్బాల్లో ఉంచాలి, గాజు, పింగాణీ సీసాలైతే లీటరు దాటకూడదు, ప్లాస్టిక్ అందులో లేనే లేదు. మీ ఇంట్లో 40 లీటర్లు, ప్లాస్టిక్కులో, అమ్మకానికి. మూడూ తప్పే. బంకులో కొట్టించుకున్నది మీ ఆయన, ఉన్నది మీ ఇంట్లో, రేపు ఏదైనా అయితే అన్నయ్యగారి పేరు ఎక్కడా రాదు. పైగా ఇంత రిస్కు దేనికి? నలభై లీటర్లకి మూడేసి రూపాయలు, వారానికి 120, అదీ మీకు రాదు ఆయనకి వస్తుంది.

ఎలా ఆపాలి అన్నది మీ ఇంటి పద్ధతిని బట్టి. మీరే అన్నయ్యగారితో అంటే ఆడపడుచుతో మాటపట్టింపు వస్తుంది, అది మీరు రాయకపోయినా నాకు తెలుసు. మావగారి చేత అనిపించొచ్చు, అల్లుడితో మావగారి మాట వేరుగా ఉంటుంది, "మనవలున్న ఇల్లు బాబూ, వద్దు" అని ఆయన ఒక్కమాట అంటే అయిపోతుంది. లేదా మీ ఆయనతోనే, ఈ 30 లీటర్ల సంగతి చెప్పి, "మీ ఉద్యోగం మీదకి వస్తుంది" అనండి, నా ఇంట్లో వద్దు అంటే గొడవ అవుతుంది గానీ మీ ఉద్యోగం అంటే ఆలోచిస్తారు. అన్నయ్యగారికి ఒక దారి ఉంచండి, ఆయన బండి మీద వచ్చి టాంకు ఫుల్ చేయించుకుని వెళ్ళమనండి, అందులో తప్పేం లేదు, సరిహద్దులో సగం మంది చేసేది అదే, ఇచ్ఛాపురం వాళ్ళు గిరిసోల వచ్చి కొట్టించుకోవట్లేదూ.

ఆ తేడా కూడా ఎప్పటికీ ఉండేది కాదు. ఆంధ్రాలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిమీద లీటరుకి ఇంకో 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఒడిశాలో 28 శాతం. అది కూడా 2021 నవంబర్ ముందు 32 ఉండేది, దీపావళికి కేంద్రం 5 రూపాయలు తగ్గిస్తే ఒడిశా ఇంకో 3 తగ్గించింది, ఆంధ్రా తగ్గించలేదు, అప్పుడు పెరిగింది ఇంత తేడా. రేపు అమరావతిలో ఒక సంతకం పడితే ఆయన వ్యాపారం ఆ రాత్రికే ఆగిపోతుంది.

ఇంక బండి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ 3 లక్షలు, ఏడేళ్ళ జీతం ఇందులో ఉన్నాయి.

మన దగ్గర జనం బండి కొనేది ఆ నెల బంకులో ఏం రేటు ఉందో చూసి. బండి మనతో ఉండేది పన్నెండు పదిహేనేళ్ళు. 2012 మే నెలలో పెట్రోలు ఒక్క రాత్రిలో ఏడు రూపాయలకి పైగా పెరిగింది, డీజిలేమో నలభై దగ్గరే ఉండేది, ప్రభుత్వం పట్టి ఉంచింది కాబట్టి. ఇంక బరంపురంలో ఎవర్ని చూసినా డీజిల్ బండి బుకింగే, షోరూంలో మూడు నెలలు ఆగమనేవాళ్ళు. మేమూ కొన్నాం. పెట్రోల్ మోడల్ కంటే లక్ష పైన ఎక్కువ పెట్టి. మా ఇంటికి నెలకి 400 కిలోమీటర్లు తిరిగితే గొప్ప. కిలోమీటరుకి రెండున్నర మిగిలినా నెలకి వెయ్యి, లక్ష వెనక్కి రావాలంటే ఎనిమిదేళ్ళు పైన. ఈలోపు ఏమైంది, 2013 జనవరి నుంచి డీజిలు నెలకి అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ పోయారు, 2014 అక్టోబర్‌లో పూర్తిగా వదిలేశారు. 2018 అక్టోబర్‌లో అయితే మన ఒడిశాలోనే డీజిలు పెట్రోలు కంటే ఎక్కువ పలికింది, అప్పుడు ఇక్కడ రెండింటికీ వ్యాట్ ఒకటే శాతం కావడంతో. ఆ రోజు బంకు బోర్డు చూసి మా ఆయన బండి దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నారు. మా లక్ష ఎప్పటికీ వెనక్కి రాలేదు.

అందుకే మావగారి మాట నేను కొట్టెయ్యట్లేదు, ఆయన అనుభవం ఆయనది, ఆ రోజుల్లో లీటరు డీజిల్‌కి ఎంత దూరం పోయేదో ఆయన చూసినవారు. కానీ ఇప్పుడు చిన్న బళ్ళలో డీజిలు దొరకడమే కష్టం, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కొత్త పొగ రూలు వచ్చాక మీ స్విఫ్ట్‌లో ఉన్న ఇంజినే ఆపేశారు. ఉన్నవి ఎక్కువగా పెద్ద బళ్ళే, రేటూ ఎక్కువే.

రేటు చూసి కొనొద్దు అంటే మరేం చూడాలి? మీ కిలోమీటర్లు చూడాలి. మాకు నెలకి 400, మీకు రోజుకి వంద. నెలకి 24 రోజులు అనుకుంటే 2400 కిలోమీటర్లు. ఇది చాలా పెద్ద అంకె, ట్యాక్సీవాళ్ళు తిరిగినంత. మాకు నష్టం అయిన బండి మీకు లాభం కావచ్చు, మా పక్కింటివాళ్ళకి బాగున్నది మీకు ముంచొచ్చు. మీరు రాసిన రేట్లే తీసుకున్నాను, పెట్రోలు 102, డీజిలు 93, మైలేజీ కంపెనీ చెప్పింది కాకుండా మన రోడ్డు మీద వచ్చేది.

ఇప్పుడున్న స్విఫ్ట్ లీటరుకి 18 ఇస్తుందన్నారు, అంటే నెలకి 133 లీటర్లు, 12,400 రూపాయలు. ఆయన అడుగుతున్న ఎస్‌యూవీ 14 ఇస్తే గొప్ప, 171 లీటర్లు, 17,500. దానిమీద 10 లక్షల లోను ఏడేళ్ళకి తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ 16,300. రెండూ కలిపితే దగ్గర దగ్గర 34 వేలు. జీతం 52. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు నేను కలపలేదు. మిగిలిన 18 వేలల్లో ఐదుగురు తినాలి, పాప ప్లస్ టూ, మావగారి మందులు. ఇది మీరు కోపంగా చెప్పక్కర్లేదు, ఈ మూడు అంకెలు ఆయన చేత్తో ఆయన రాస్తే చాలు. జీఎస్టీ తగ్గింది నిజమే, చిన్న బళ్ళకి 29 నుంచి 18కి వచ్చింది, కొనేటప్పుడు డెబ్భై ఎనభై వేలు లక్ష మిగులుతుంది, కానీ స్విఫ్ట్ నుంచి దానికి మారితే ఒక్క ఆయిల్ ఖర్చులోనే నెలకి 5 వేలు పెరుగుతుంది, ఆ మిగిలింది ఏడాదిన్నరలో బంకులో కక్కేస్తారు.

చిన్న పెట్రోల్ కారు అయితే, రోడ్డెక్కేసరికి ఏడున్నర లక్షలు, 3 లక్షలు కట్టి నాలుగున్నర లోను, ఈఎంఐ 7,350, లీటరుకి 19 వస్తే పెట్రోలు 12,900. కలిపి 20 వేల చిల్లర. బంకుల్లో ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది, కొత్త బండి దానికి తగ్గట్టే తయారవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, సెకండ్ హ్యాండ్‌లో పాత పెట్రోల్ బండి కొంటే మాత్రం మైలేజీ కొంత తగ్గుతుంది, అమ్మేవాడు చెప్పే అంకెలోంచి ఒకటి తీసేసి లెక్కేసుకోండి.

సీఎన్‌జీ అయితే ఆయిల్ ఖర్చు ఇంకా తక్కువ, కిలోకి 25, 26 కిలోమీటర్లు వస్తుంది, కిలో 90 అనుకున్నా నెలకి 8,300. కానీ పర్లాకిమిడి నుంచి గుణుపురం లోపు మీ దారిలో బంకు ఉండాలి. లేదంటే ఆ ఆలోచన పక్కన పెట్టెయ్యండి, బరంపురం వెళ్ళినప్పుడు నింపుకుందాం అంటే కుదరదు, రెండున్నర రోజులకోసారి ఖాళీ అవుతుంది మీ తిరుగుడికి. డిక్కీలో సిలిండరు పోను రెండు బ్యాగులు పడతాయి అంతే, మూడేళ్ళకోసారి సిలిండరు టెస్టు చేయించాలి.

ఇంక మీ అబ్బాయి చెప్పింది. నేను వాడి మాట తేలిగ్గా తీసుకోలేదు. రోజూ ఒకే దారి, ఒకే దూరం, రాత్రికి ఇంటికి చేరే బండి, కరెంటు కారుకి ఇంతకంటే సరిపోయే తిరుగుడు ఉండదు. యూనిట్‌కి 7 కిలోమీటర్లు లెక్కేసినా నెలకి 340 చిల్లర యూనిట్లు, ఒడిశా ఇంటి కరెంటు పై స్లాబు యూనిట్ ఆరు చిల్లర, ఛార్జింగులో పోయేది కూడా కలిపి 2,300 అనుకోండి. 12,400 ఎక్కడ, 2,300 ఎక్కడ. 24 యూనిట్ల బ్యాటరీ చిన్న కారు పది పదకొండు లక్షలు, 8 లక్షల లోను తీసుకుంటే ఈఎంఐ 13 వేలు, అంటే అన్నీ కలిపి 15,400, ఇప్పుడు ఒక్క డీజిల్‌కి పెడుతున్నదానికంటే మూడు వేలు ఎక్కువ, అంతే. రాత్రి మామూలు 15 ఆంపుల ప్లగ్గుకి పెడితే రోజువారీ వంద కిలోమీటర్లకి ఐదారు గంటలు చాలు. ముందు మాత్రం ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో చూపించాలి, పాత ఇళ్ళల్లో చాలా చోట్ల అది పేరుకే ఉంటుంది. రాష్ట్రం ఇచ్చే సబ్సిడీ, రోడ్డు టాక్సు మినహాయింపు మీరు కొనే నాటికి నడుస్తున్నాయో లేదో ఆర్టీఓ ఆఫీసులోనే అడగండి, షోరూం మాట మీద లెక్క వెయ్యొద్దు.

దీని ఇబ్బందులు కూడా ఉన్నాయి. 2018లో తిత్లీ తుపాను మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు, పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఎలా నలిపేసిందో, కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు కరెంటు కారు మెట్ల కింద సైకిలుతో సమానం. బరంపురం, విశాఖ లాంటి దూరం వెళ్ళాలంటే దారిలో ఛార్జింగు ఎక్కడుందో ముందు చూసుకుని బయల్దేరాలి, అదీ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీ మామూలుగా ఇస్తారు, కానీ మీరు తిరిగే తిరుగుడికి లక్షా 60 వేల కిలోమీటర్ల హద్దు ఐదున్నరేళ్ళలోనే దాటేస్తారు, లోను ఏడేళ్ళు. ఇది ఎవరూ మీకు చెప్పరు, కాగితం మీద సంతకం పెట్టే ముందు కిలోమీటర్ల హద్దు ఎంతో చదివించుకోండి.

ఏదీ కొనకుండా ఉండటం కూడా ఒక దారే. 45 వేలు పెట్టి స్విఫ్ట్ బాగు చేయిస్తే రెండేళ్ళు లాగుతుంది, రిజిస్ట్రేషన్ 2028 వరకూ ఉంది, ఢిల్లీలో తెచ్చినట్టు పదేళ్ళకి డీజిల్ బండి ఆపెయ్యాలన్న రూలు మనకి లేదు. ఆ 45 వేలు రెండేళ్ళకి పంచితే నెలకి 1,900, డీజిల్‌తో కలిపి 14,300, అప్పు లేదు, పాప డబ్బు ముట్టుకోలేదు. పాప ప్లస్ టూ అయ్యేదాకా ఇలా నెట్టుకొచ్చి అప్పుడు కరెంటు కారుల సంగతి చూడొచ్చు, అప్పటికి గుణుపురం దారిలో ఛార్జింగూ పెరగొచ్చు. కానీ రెండు లక్షలు తిరిగిన బండి, ఒకటి బాగు చేస్తే ఇంకోటి అంటుంది, ఒక నమ్మకమైన మెకానిక్‌కి టర్బో, సస్పెన్షన్ కూడా చూపించి అప్పుడు నిర్ణయం తీసుకోండి. నా మనసు ఈ దారి వైపే కొంచెం మొగ్గుతోంది, ఆ 3 లక్షలు పాపవి కాబట్టి. మీ ఇల్లు మీకు తెలుసు.

శ్రీకాకుళంలో చవగ్గా వస్తుందని ఆంధ్రా నంబరు బండి కొనే ఆలోచన ఒకటి రాశారు. కొనొచ్చు, కాకపోతే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి, పన్నెండు నెలలు దాటితే ఓడీ నంబరు చేయించుకోవాలి, ఇక్కడ టాక్సు మళ్ళీ కట్టాలి. అవన్నీ కలిపాక కూడా చవకేనా అని చూడండి.

ఏ బండి అయినా, నలుగురూ కలిసి వెళ్ళడం మళ్ళీ మొదలైతే నెలకి 12,400 కాస్తా మూడు వేల చిల్లర అవుతుంది. ఏ కొత్త బండీ ఇంత మిగల్చదు. ఇది నన్ను చాలా ఆలోచింపజేసింది చెల్లెమ్మా. 80 పైసలు చొప్పున పెరిగినప్పుడు పక్కపక్కన కూర్చున్న మనుషులు రేటు తగ్గగానే విడిపోయారు, అప్పటికీ ఆ తగ్గిన రేటు ఏడాది కిందటి రేటు కంటే ఏం తక్కువ కాదు. పెరుగుతున్నప్పుడు నొప్పి తెలుస్తుంది, ఆగిపోయాక అలవాటైపోతుంది. 500 కి కొట్టించే అలవాటు ఉన్నవాళ్ళకి అసలే తెలీదు, రేటు ఎంతున్నా చేతి నుంచి వెళ్ళేది అదే 500, లీటర్లే తగ్గుతాయి. ఒకసారి టాంకు ఫుల్ చేయించి రీడింగు రాసుకుని, మళ్ళీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు పట్టిందో ఆయన్నే చూడమనండి. ఇద్దరైనా మళ్ళీ కలవరా అని అడగమనండి. డబ్బు చేతులు మారకుండా, మునుపటిలా వారానికి ఒకరి బండి పద్ధతే మంచిది. కాశీనగర్ మీదుగా గుణుపురం రైలు కూడా ఉంది కదా, కాలేజీ టైముకి కుదిరేది ఉంటే వారంలో రెండు రోజులు దానికి వదిలినా నెలకి నాలుగు వేల డీజిలు మిగులుతుంది.

ఆయన ఎస్‌యూవీ ఎందుకు అడుగుతున్నారో కూడా ఒకసారి ఆలోచించండి. ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశారు, తోడల్లుడు పోయినేడు పెద్ద బండి కొన్నాడని, కాలేజీలో ఎవరో "సార్ బండి మ్యూజియంలో పెట్టాలి" అన్నారని. మగవాళ్ళు ఇలాంటివి బయటికి చెప్పరు, రేటు గురించీ మైలేజీ గురించీ మాట్లాడతారు. మీరు ఈఎంఐ లెక్కతో మొదలుపెడితే ఆయనకి వినపడేది "నీకు అంత స్తోమత లేదు" అన్న మాట. అందుకని "పాత బండి మీకు విసుగు వచ్చేసింది కదా, రోజూ వంద కిలోమీటర్లు మీ నడుమేగా" అని మొదలుపెట్టండి. ఆ తర్వాత కాగితం ఇవ్వండి, మీ కాలెండర్ కాదు, తెల్లకాగితం, ఆయన్నే రాయమనండి. మీరు రాసుకున్నది దాచక్కర్లేదు, కానీ ముందే ముఖాన పెడితే నిఘా పెట్టావా అంటారు, మాట బండి మీంచి మీ మీదకి మళ్ళిపోతుంది.

ఇంక టెక్కలి.

పోనూ రానూ తొంభై కిలోమీటర్లు. మీ బండికి ఐదు లీటర్లు, 465 రూపాయలు. ఆయన రోజూ ఆఫీసుకి పెట్టేదాని కంటే కూడా తక్కువ. మీరు నాలుగు పేజీల్లో ఎక్కడా ఈ లెక్క వెయ్యలేదు, అన్నీ లెక్కేసిన మనిషి ఇదొక్కటీ వెయ్యలేదు, ఎందుకంటే ఇది పెట్రోలు సంగతి కాదని మీకూ తెలుసు. అత్తారింటికి వెళ్ళడం ఇష్టం లేదా, అక్కడ ఎప్పుడైనా ఏదైనా మాట పడ్డారా, లేక నిజంగానే ఆరు రోజులు డ్రైవింగు చేసిన మనిషికి ఆదివారం మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలంటే ప్రాణం పోతోందా, నాకు తెలీదు. మహేంద్రగిరికి వెళ్ళినప్పుడు బండి ఎవరు నడిపారు? ఆయన కాకపోతే మూడోదే నిజం కావచ్చు. అడగండి, కానీ బండి గురించి మాట్లాడిన రోజు కాదు, వేరే రోజు. "పెట్రోలు సంగతి వదిలెయ్యండి, ఐదు లీటర్లు నా కుట్టు డబ్బుల్లోంచి నేను కొట్టిస్తాను, మీకు రావడానికి ఇబ్బంది ఏంటో చెప్పండి" అని. అప్పుడు వచ్చే జవాబు నిజమైనది అవుతుంది, అది కొంచెం కష్టంగా ఉన్నా సరే.

ఆయన ఏమన్నా మీ అమ్మ దగ్గరికి మీరు వెళ్ళడం మాత్రం ఆయన బండి మీద ఆధారపడక్కర్లేదు. గుణుపురం లైను రైలు మీ ఊరు మీదుగానే పాతపట్నం, టెక్కలి, నౌపడా వెళ్తుంది, పిల్లల్ని తీసుకుని పొద్దున్న వెళ్ళి సాయంత్రం రాగలిగే టైములు ఉన్నాయో లేదో స్టేషన్‌లో కనుక్కోండి, లేకపోతే పాతపట్నం వెళ్ళి బస్సు ఎక్కండి. స్కూటీ లైసెన్సు ఉందన్నారు, కారు నేర్చుకోకూడదా? 38 ఏమంత వయసు. మీరు నడిపితే ఆయనకీ ఆదివారం విశ్రాంతి, పక్క సీట్లో కూర్చుని రావడానికి అంత బాధ ఉండదు. లేదా అమ్మగారినే కొన్నాళ్ళు మీ ఇంటికి తెచ్చుకోవచ్చు, మావగారు ఉన్న ఇల్లు కాబట్టి ఆవిడ మొహమాటపడతారేమో, పెద్దాయన చేతే ఫోను చేయిస్తే వస్తారు.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడకి చుక్కల మందు రోజూ టైముకి వెయ్యాలి, ఒక్కరే ఉన్నారంటున్నారు, ఎవరు వేస్తున్నారో రాయలేదు. డాక్టరు మళ్ళీ చూపించమన్న తేదీ కనుక్కోండి, కాలెండర్ వెనక కాదు, ముందు, అందరికీ కనపడేలా ఆ తేదీ చుట్టూ గీత గీయండి. తోడు ఎవరు వెళ్తారు, దేంట్లో వెళ్తారు అన్నది రెండు రోజుల ముందే ఇంట్లో చెప్పెయ్యండి, అడగడం కాదు, చెప్పడం. కుట్టాల్సిన బ్లౌజులు ఉంటే ఆ రోజుకి ఎవరికీ మాటివ్వకండి.